సిస్టమాటిక్ రివ్యూ అంటే అసలు ఏంటండీ? 43 పేపర్లు చదివి రాస్తే రిజెక్ట్ చేశారు

బ్రాడీపేట_సిస్టర్:

అందరికీ నమస్తే. గుంటూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ సెకండియర్ చేస్తన్నా. మా గైడ్ మేడమ్ మొన్న వేసవిలో పిలిచి, థీసిస్ తో పాటు ఒక సిస్టమాటిక్ రివ్యూ కూడా రాసెయ్యమ్మా, పేషెంట్ల చుట్టూ తిరిగే పని లేదు, ఎథిక్స్ కమిటీ గొడవ లేదు, కూర్చుని చదివి రాయడమే, రెండు నెలల్లో అయిపోద్ది అన్నారు. నేనూ సరే అనేశా.

టాపిక్ ఏంటంటే బీపీ ఉన్నోళ్లకి ఫోన్లో మెసేజ్ పెట్టి గుర్తు చేస్తే మాత్రలు సరిగ్గా వేసుకుంటారా లేదా అని. ఇది ఎందుకు పట్టుకున్నానంటే మా ఎదురింటి ఆంటీకి బీపీ, పొద్దున మాత్ర వేసుకుందో లేదో గుర్తుండక ఒక్కోరోజు రెండు వేసుకుద్ది, ఒక్కోరోజు అసలు వేసుకోదు. వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి రోజూ వాట్సాప్ లో గుర్తు చేస్తాడు, ఆంటీ ఆ మెసేజ్ కింద దండం బొమ్మ పెట్టేసి మళ్లీ సీరియల్ చూసుకుద్ది.

సరే, నేను గూగుల్ స్కాలర్ లో వెతికి, దొరికినవాటిలో బాగున్నాయనిపించిన 43 పేపర్లు డౌన్‌లోడ్ చేసి, అన్నీ చదివి (నిజంగా చదివానండీ, నోట్సు ఒక లాంగ్ బుక్ నిండింది), 43లో 31 పేపర్లు మెసేజ్ పెడితే ఉపయోగం ఉందన్నాయి కాబట్టి ఉపయోగం ఉందని కంక్లూజన్ రాసి ఒక జర్నల్ కి పంపా. వారంలో తిరిగొచ్చింది. ప్రోటోకాల్ ఏది, ప్రిస్మా డయాగ్రమ్ ఏది, ఇది సిస్టమాటిక్ రివ్యూ కాదు అని రాసి, చివర్లో రివ్యూయర్ ఒక ప్రశ్న అడిగాడు: మీ సెర్చ్ ని ఇంకొకరు మళ్లీ చేస్తే ఇవే 43 పేపర్లు వస్తాయా?

రావు గదా. నాకే మళ్లీ చేస్తే రావు. మేడమ్ ని అడిగితే ఇంకో జర్నల్ కి పంపమంటున్నారు. అసలు ఈ సిస్టమాటిక్ అనే మాటకి అర్థం ఏంటో, నేను ఎక్కడ తప్పు చేశానో కాస్త తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్ లో చదివితే తల తిరుగుతోంది.

బెంజిసర్కిల్_బ్రో:

ఇంత కష్టం ఎందుకు సిస్టర్, ఏఐకి చెప్తే పది నిమిషాల్లో రాసిచ్చుద్ది, మా బ్యాచ్ లో అందరం అదే.

పటమట_పీఎస్ఎం:

పై బ్రో మాట వినకండి సిస్టర్ గారూ. అది రాసిచ్చే రిఫరెన్సుల్లో కొన్ని ఈ భూమ్మీదే ఉండవు, పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ చక్కగా ఉంటాయి, వెతికితే మాత్రం పేపర్ ఉండదు. మా జూనియర్ ఒకడు అట్లాగే డిపార్ట్‌మెంట్ మీటింగ్ లో దొరికిపోయాడు, పాపం.

ఇక మీ సంగతి. నేను విజయవాడలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేసేటప్పుడు గర్భిణులకి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్ మీద ఒకటి చేశా, అందుకని కాస్త తెలుసు. మీకు దొరికింది మంచి రివ్యూయర్, ఆ ఒక్క ప్రశ్నలో విషయం అంతా చెప్పేశాడు. మీరు రాసిన దాన్ని నెరేటివ్ రివ్యూ అంటారు, దానికీ విలువ ఉంది, కాకపోతే పేరు మార్చి పంపారు. పెళ్లికి వెళ్లొచ్చి భోజనాలు బ్రహ్మాండం అని చెప్పడం నెరేటివ్. ఎన్ని బంతులు కూర్చున్నాయి, ఏ బంతిలో ఎవర్ని అడిగాం, మూడో బంతికి పెరుగు అందలేదన్నవాళ్లని కూడా లెక్కలో వేశామా లేదా, ఇవన్నీ రాసిపెట్టి, నమ్మకపోతే నువ్వూ పోయి అడుగు అని చెప్పగలిగితే అది సిస్టమాటిక్. ఎవర్ని అడగాలో భోజనాలకి ముందే రాసుకోవాలి, తిన్నాక రాసుకుంటే మనకి నచ్చినోళ్లనే అడుగుతాం.

ఆ ముందే రాసుకునేదాన్నే ప్రోటోకాల్ అంటారు. దాన్ని ప్రాస్పెరో అనే రిజిస్ట్రీలో పెట్టొచ్చు, ఇంగ్లండ్ లో యార్క్ యూనివర్సిటీ వాళ్లు 2011 నుంచి నడుపుతున్నారు, డబ్బులేం కట్టక్కర్లేదు. పేపర్లలోంచి అంకెలు తీయడం మొదలెట్టక ముందే పెట్టాలి. స్కోపింగ్ రివ్యూలు (ఒక టాపిక్ మీద ఏమేం స్టడీలు ఉన్నాయో పైపైన చూసేవి) మాత్రం వాళ్లు తీసుకోరు, మీది అది కాదు కాబట్టి బాధ లేదు.

మీ ప్రశ్న బాగుంది గానీ వదులుగా ఉంది. పీకో అని వినే ఉంటారు, ఎవరు, వాళ్లకి ఏం చేశాం, దేనితో పోల్చాం, ఏం కొలిచాం. బీపీ ఉన్నోళ్లు అంటే ఏ వయసు? మెసేజ్ అంటే ఎస్సెమ్మెస్ మాత్రమేనా, వాట్సాప్, యాప్, నర్సు ఫోన్ చేయడం కూడానా? మాత్రలు సరిగ్గా వేసుకోవడం అంటే ఏంటి, కొందరు పేషెంట్ ని అడిగి రాసుకుంటారు, కొందరు డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, కొందరు బీపీ ఎంత తగ్గిందో చూస్తారు. మీ ఆంటీని అడిగితే రోజూ వేసుకుంటన్నా అనే చెప్పుద్ది గదా. ఇవన్నీ ఒకే గంపలో వేసి 31 అని లెక్కపెడితే ఆ 31కి అర్థం లేదు.

ఇక గూగుల్ స్కాలర్. పనికిరాదని కాదు, కానీ ఏ సెర్చ్ కైనా మొదటి 1000 రిజల్ట్స్ వరకే చూపిస్తది, ఏ లెక్కన ముందూ వెనకా పెడతదో మనకి తెలియదు. అదొక్కటే పెట్టుకోకూడదు. పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేస్ ఫ్రీ, అక్కడ మొదలెట్టండి. ఒకే అర్థమున్న మాటలన్నిటి మధ్యా ఆర్ (OR) పెట్టి బ్రాకెట్ లో కట్టేయాలి, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య యాండ్ (AND) పెట్టాలి. హైపర్‌టెన్స్ వరకు కొట్టి పక్కన నక్షత్రం గుర్తు (*) పెడితే హైపర్‌టెన్షన్, హైపర్‌టెన్సివ్ రెండూ వస్తాయి. మీరు ఎడ్హీరెన్స్ (చెప్పినట్టు మందులు వాడటం) అని మాత్రమే వెతికుంటారు, పాత పేపర్లలో అదే సంగతిని కంప్లయన్స్ అని రాసేవాళ్లు, అవన్నీ మీకు తగల్లేదు. నేను మొదటిసారి ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయి రెండు లక్షల రిజల్ట్స్ చూసి గుండె ఆగినంత పనైంది, మా సార్ వెనక నుంచి వచ్చి ఒక్క బ్రాకెట్ పెట్టి నవ్వుకుంటా వెళ్లిపోయారు.

ప్రిస్మా డయాగ్రమ్ అంటే భయపడకండి, అది జమాఖర్చు పుస్తకం లాంటిది. నాది చెప్తా: మొత్తం 1214 వచ్చాయి, రెండు మూడు చోట్ల రిపీటైనవి 287 తీసేస్తే 927, టైటిలూ అబ్‌స్ట్రాక్టూ చూసి 866 పక్కన పెట్టాం, 61 పూర్తిగా చదివాం, 47 పోయాయి, చివరికి మిగిలినవి 14. ఆ 47లో ఒక్కొక్కటి ఎందుకు పోయిందో కారణం రాయాలి, అక్కడే ఎక్కువమంది దొరికిపోతారు. ప్రిస్మా అంటే రివ్యూలో ఏమేం రాయాలో చెప్పే నియమాలు, 2009లో వచ్చింది, 2020లో మార్చారు, చెక్‌లిస్ట్ లో 27 అంశాలు, అది పక్కన పెట్టుకుని రాస్తే రివ్యూయర్ ఏం అడగబోతున్నాడో ముందే తెలిసిపోద్ది.

ఇంకోటి, ఒక్కరే చేయకూడదు. ఇద్దరు విడివిడిగా, ఒకరి జవాబు ఒకరు చూడకుండా పేపర్లు ఎంచాలి, తేడా వస్తే మూడోవాళ్లు తేల్చాలి. ఇట్లా పేపర్లు ఏరడానికి రయ్యాన్ అని వెబ్‌సైట్ ఉంది, ఫ్రీ అకౌంట్ తో మీ పని అయిపోద్ది.

రెండు నెలలు అన్న మేడమ్ ఎప్పుడైనా ఒకటి చేశారా అని మాత్రం అడగకండి, వైవాలో ఆవిడే ఉంటారు. నాకు పదమూడు నెలలు పట్టింది.

యార్డు_అబ్బాయి:

పటమట డాక్టరు గారు బాగా చెప్పారు, ఆ 31 సంగతి నేను అందుకుంటా. నేను స్టాటిస్టిక్స్ చెప్తా, మా నాన్నది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, కాబట్టి మిర్చిలోనే చెప్తా ఏమనుకోకండి.

43లో 31 గెలిచాయి అనడాన్ని ఓట్ల లెక్క అంటారు. 30 మంది మీద చేసిన స్టడీకీ 3000 మంది మీద చేసిన స్టడీకీ తలా ఒక ఓటు ఇచ్చారు మీరు. ఒక టిక్కీ (మిర్చి బస్తా) తెచ్చిన రైతూ లారీడు తెచ్చిన రైతూ ఉంటే యార్డులో సగటు రేటు కట్టేటప్పుడు ఇద్దరికీ ఒకే లెక్కా? పైగా ఉపయోగం ఉంది అంటే ఎంత ఉంది? బీపీ 1 పాయింట్ తగ్గినా 10 పాయింట్లు తగ్గినా మీ లెక్కలో ఒకటే. అందుకే పెద్ద స్టడీకి ఎక్కువ బరువిచ్చి కలిపి లెక్కకట్టే పద్ధతి ఒకటుంది, దానికి మెటా ఎనాలిసిస్ అని 1976లో జీన్ గ్లాస్ పేరు పెట్టాడు. సిస్టమాటిక్ రివ్యూ వేరు, ఇది వేరు. రివ్యూ అంటే వెతికి, ఏరి, నాణ్యత చూసే పని మొత్తం, మెటా ఎనాలిసిస్ అందులో చివర ఉండే లెక్క, అది లేకుండా కూడా రివ్యూ నడుస్తది.

వైద్యం మీద సిస్టమాటిక్ రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ వాళ్ల లోగో ఎప్పుడైనా చూశారా? చాలామంది ఏదో డిజైన్ అనుకుంటారు, అది నిజమైన ఫారెస్ట్ ప్లాట్, అంటే ఒక్కో స్టడీ ఫలితాన్ని ఒక్కో గీతగా చూపే బొమ్మ. నెలలు నిండకుండా కాన్పు అయ్యేట్టుంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడతాయి, దీని మీద మొదటి ట్రయల్ (కొందరికి మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చే స్టడీ) ఫలితం న్యూజిలాండ్ నుంచి 1972లో వచ్చింది. తర్వాత ఇంకొన్ని ట్రయల్స్ జరిగాయి. లోగోలో అడ్డగీతలుంటాయి, ఒక్కో గీత ఒక్కో ట్రయల్. నిలువు గీత అంటే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదని. చాలా గీతలు ఆ నిలువు గీతని తగులుతుంటాయి, అంటే విడిగా చూస్తే ఏ డాక్టరైనా ఏమో తెలియట్లేదు అనేస్తాడు. అన్నీ కలిపితే కింద ఒక చిన్న డైమండ్ వస్తది, అది నిలువు గీతకి పూర్తిగా ఎడమపక్కనే ఉంటది, బిడ్డలు చనిపోయే అవకాశం 30 నుంచి 50 శాతం వరకు తగ్గిందని దానర్థం. ఈ లెక్క 1989 దాకా ఎవరూ కలిపి అచ్చేయలేదు, ఈ లోపల చవకైన ఆ ఇంజెక్షన్ అందక ఎంతమంది పసిపిల్లలు పోయారో. నేను క్లాసులో ఆ లోగో చూపించాక పిల్లలు కాసేపు మాట్లాడరు.

ఇప్పుడు తాలు సంగతి. రైతు కల్లంలో మిర్చి ఎండాక తెల్లబడ్డ తాలుకాయ ఏరేసి, ఎర్రకాయ వేరే టిక్కీల్లో తొక్కుతాడు. కొనేవాడు ఎర్ర టిక్కీలు మాత్రమే చూసి ఈ ఏడు పంటలో తాలే లేదంటే నవ్వుతాం గదా. పేపర్లూ అంతే. ఉపయోగం కనపడిన స్టడీ జర్నల్ లో ఎక్కుద్ది, మెసేజ్ పెట్టినా ఏం తేడా రాలేదన్న స్టడీ చేసినవాళ్ల బీరువాలోనే ఉండిపోద్ది. దీన్ని పబ్లికేషన్ బయాస్ అంటారు. యార్డులో తాలుకాయకి రేటు తక్కువైనా కొనేవాడుంటాడు, జర్నల్స్ లో తాలుకి ఆ గతి కూడా లేదు. అందుకని సీటీఆర్ఐ చూడండి, మన దేశంలో ట్రయల్స్ రిజిస్టర్ చేసే సైట్, 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్ కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. రిజిస్టరై ఉండి, ఎప్పుడో అయిపోయి, ఎక్కడా అచ్చుకాని ట్రయల్ కనపడితే అది ఏరేసిన తాలు అయ్యుండొచ్చు, వాళ్లకి మెయిల్ పెట్టండి. దీన్ని పట్టుకోడానికి ఫన్నెల్ ప్లాట్ (గరాటు ఆకారం బొమ్మ) గీసి చూడమని కూడా కొందరు చెప్తారు, కానీ కనీసం పది స్టడీలైనా లేకపోతే దాన్ని చూసి ఏమీ చెప్పలేం.

మీ టాపిక్ లో స్టడీలన్నీ ఒకేరకం కావు కాబట్టి ఐ స్క్వేర్ అనే అంకె బాగా ఎక్కువ రావచ్చు. అది 0 నుంచి 100 లోపు ఉంటది, ఎక్కువైతే స్టడీల మధ్య తేడా ఊరికే అదృష్టం వల్ల వచ్చింది కాదని. అప్పుడు బలవంతంగా కలపొద్దు. తేజా రకాన్ని, బాడిగ రకాన్ని కలిపి ఒకే టిక్కీలో తొక్కితే కొనేవాడు ఊరుకుంటాడా?

వన్‌టౌన్_మెడికల్స్:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, నాది విజయవాడ వన్‌టౌన్ లో మందుల షాపు, బీఫార్మసీ చేశా. ఇంత పద్ధతిగా చేసినా ఒక్కోసారి తేడా కొట్టుద్ది గదా? 2021లో కరోనాకి ఐవర్‌మెక్టిన్ కావాలని మా కౌంటర్ ముందు క్యూ కట్టారు, అడిగితే మెటా ఎనాలిసిస్ వచ్చిందని ఫోన్లో చూపించేవాళ్లు. తర్వాత ఏమైంది మరి?

పటమట_పీఎస్ఎం:

మంచి ప్రశ్న అండీ. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ప్రీప్రింట్ (జర్నల్ వాళ్లు పరిశీలించక ముందే నెట్ లో పెట్టిన పేపర్) లో డేటా మీద అనుమానాలొచ్చి 2021 జూలైలో తీసేశారు. దాన్ని కలుపుకుని లెక్కేసిన ఒక మెటా ఎనాలిసిస్ ని రాసినవాళ్లే వెనక్కి తీసుకుని మళ్లీ లెక్కేయాల్సొచ్చింది, అనుమానమున్న స్టడీలు తీసేశాక ముందు కనపడిన లాభం నిలబడలేదు. పప్పులో ఒక రాయి పడితే ఎంత బాగా పోపు పెట్టినా పంటికి తగులుద్ది.

అందుకే సిస్టర్ గారూ, రిస్క్ ఆఫ్ బయాస్ (స్టడీ ఫలితం ఒకవైపు మొగ్గే ప్రమాదం) చూడటం అనే పని మీరు వదిలేశారు, అది ఇక్కడే పనికొచ్చేది. ట్రయల్స్ కి ఆర్ఓబీ 2 అనే పద్ధతి ఉంది. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో తేల్చే చీటీలు నిజంగా ఎవరికీ తెలియకుండా తీశారా, మధ్యలో ఎంతమంది మానేశారు, కొలిచినవాళ్లకి ఎవరు ఏ గుంపో తెలుసా, ముందు చెప్పిన ఫలితమే చివర చెప్పారా, ఇట్లా ఒక్కో స్టడీని నిలదీయాలి. మీ మెసేజ్ ల సంగతిలో మెసేజ్ వస్తుందని పేషెంట్ కి ఎట్లాగూ తెలుసు గదా, దాచలేం, కాబట్టి పేషెంట్ ని అడిగి రాసుకున్న జవాబుకంటే మెషీన్ తో కొలిచిన బీపీ అంకెని నేను ఎక్కువ నమ్ముతా. ఇవన్నీ చూశాకే గ్రేడ్ పద్ధతిలో మొత్తం సాక్ష్యం గట్టిదా, మధ్యస్తమా, బలహీనమా, మరీ బలహీనమా అని చెప్పాలి. మరీ బలహీనం అని రాయడం సిగ్గుపడే సంగతేం కాదు.

లైబ్రరీ_బాబాయ్:

ముప్ఫై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో చేసి రిటైరైన వాణ్ణి. అమ్మాయ్, ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ మీ లైబ్రేరియన్ దగ్గరకి వెళ్లమని ఒక్కరూ చెప్పలేదు చూడు. ఏ పదంతో ఏ డేటాబేస్ లో వెతకాలో మాకు అన్నం పెట్టిన విద్య అదే, పిల్లలు మాత్రం జెరాక్స్ కోసం తప్ప రారు.

ఎంబేస్, స్కోపస్ అనే డేటాబేస్ లకి డబ్బు కట్టాలి, మీ కాలేజీకి లేకపోతే లేవని రివ్యూలో నిజాయితీగా రాసెయ్, పర్లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 2025 జనవరి నుంచి జర్నల్స్ తెరిచారు గానీ అది సర్కారు సంస్థలకి, మీది ప్రైవేటు అయితే సర్కారు కాలేజీలో చదివే స్నేహితురాలు ఎవరైనా ఉందేమో చూసుకో. కాక్రేన్ లైబ్రరీ కోసం 2007లోనే ఐసీఎంఆర్ (కేంద్ర సర్కారు వైద్య పరిశోధన మండలి) డబ్బు కట్టింది, అందులో నీ టాపిక్ మీద ఇప్పటికే రివ్యూ ఉందేమో ముందు చూసుకో, ఉన్నదాన్నే మళ్లీ చేస్తే ఏం లాభం. దొరకని పేపర్ కి రాసినవాళ్లకే రెండు లైన్ల మెయిల్ పెట్టు, చాలామంది పంపిస్తారు.

ఇంకో ముక్క, ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు. 1753లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ డాక్టరు స్కర్వీ మీద పుస్తకం రాస్తూ అంతకుముందు ఆ జబ్బు మీద ఎవరెవరు ఏం రాశారో అంతా కూడదీసి, అందులో చెత్తంతా ఊడ్చాలని చూశాడు. అప్పట్లో రయ్యానూ లేదు, కరెంటూ లేదు.

బ్రాడీపేట_సిస్టర్:

అందరికీ చాలా చాలా థాంక్సండీ. ఇంకో జర్నల్ కి పంపట్లేదు. బాబాయ్ గారు చెప్పినట్టు మా లైబ్రరీ సార్ దగ్గరికెళ్లా, ఆయన మొదట జెరాక్సా అమ్మా అన్నారు (నిజంగా!), సంగతి చెప్తే కుర్చీ లాక్కుని గంటన్నర కూర్చుని సెర్చ్ రాయించారు, టీ కూడా ఆయనే తెప్పించారు. ఎస్సెమ్మెస్, వాట్సాప్ రెండూ, పెద్దవాళ్లు, మామూలు వైద్యంతో పోల్చినవి, కొలిచిన బీపీ ఉన్న ట్రయల్స్ మాత్రమే అని బిగించా.

ప్రోటోకాల్ రిజిస్టర్ చేసేముందు ఒకసారి చేసి చూద్దామని నిన్న రాత్రి నేనూ నా రూమ్మేటూ మొదటి 100 టైటిల్స్ ఎవరికి వాళ్లం రయ్యాన్ లో చూశాం, ఒకే గదిలో ఒకరికి ఒకరం వీపులు పెట్టుకుని కూర్చుని. తెరిచి చూస్తే 19 దగ్గర తేడా. ముందు పోట్లాడుకున్నాం, తర్వాత చూస్తే అందులో 11 గర్భిణుల బీపీ మీదవి, అది కొన్ని నెలల సంగతి, జీవితాంతం మాత్ర వేసుకునే బీపీ లాంటిది కాదు గదా, అది తీసుకోవాలో వద్దో మేం ముందు రాసుకోనే లేదు. దానిది తప్పూ లేదు నాది తప్పూ లేదు. ఇప్పుడు ప్రోటోకాల్ లో గర్భిణులు వద్దు అని ఒక లైన్ కలిపా. మిగతా 8 మేడమ్ ని తేల్చమని అడిగితే ఆవిడ కూడా రెండింటి దగ్గర ఆగిపోయి, పూర్తి పేపర్ చూస్తే గానీ చెప్పలేను తల్లీ అన్నారు. రెండు నెలల మాట మళ్లీ ఎత్తలేదు.

యార్డు_అబ్బాయి గారూ, లెక్క దగ్గరికొచ్చాక మీకే మెసేజ్ పెడతా, కాస్త చూడండి. మా ఎదురింటి ఆంటీ లాగా దండం బొమ్మ పెట్టి వదిలేయకండి.